బివీ కింద ఏం పరచాలి? పల్లేరుకాయ నేర్పిన లెక్క

గండికోటలో ఒక డిసెంబర్ రాత్రి, రెండు గంటలప్పుడు, భుజానికి బండ ఒత్తుకుని మెలకువ వచ్చింది. గాలి ఊది పడుకున్న మ్యాట్ చప్పబడిపోయింది. టార్చ్ వేసి వెతికితే బివీ (ఆరుబయట పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగ్‌కి తొడిగే గలీబు) అడుగులోంచి మ్యాట్‌లోకి దిగబడిన పల్లేరుకాయ కనిపించింది. తెల్లారాక సైకిల్ పంక్చర్ ప్యాచ్ ఒకటి మ్యాట్‌కి వేశాను.

బివీ అడుగు ఎలాగూ వాటర్‌ప్రూఫే, కింద ఇంకో షీట్ దండగ అనుకునేవాణ్ణి. నిజమే, బివీ అడుగుకి చిల్లు పడనంతవరకు తేమ ఆపడానికైతే దండగే. షీట్ కావాల్సింది ముఖ్యంగా ముళ్ల కోసం, రాళ్ల ఒరిపిడి కోసం, బయటికొచ్చినప్పుడు మట్టిలో కాలు పెట్టకుండా ఉండటం కోసం.

అయితే పల్చటి షీట్ ఏదీ పల్లేరుని పూర్తిగా ఆపదు. ముందు నేల చూసుకోవాలి. నేను హవాయి చెప్పులేసుకుని, పడుకునే చోటంతా అడుగులో అడుగేస్తూ తొక్కుతాను. తర్వాత చెప్పులు తిరగేసి చూస్తాను. ముళ్లు అడుగున గుచ్చుకుని ఉంటాయి. పీకేసి మళ్లీ తొక్కుతాను. చెప్పు శుభ్రంగా వచ్చేదాకా షీట్ విప్పను.

ఇక ఏ షీట్? బరువు లెక్క తేలికే. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో (జీఎస్ఎం అంటారు) కనుక్కుని వైశాల్యంతో గుణించడమే. నా షీట్ 2 మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, అంటే 1.5 చదరపు మీటర్లు. 120 జీఎస్ఎం నీలం బరకమైతే 180 గ్రాములు, అంచు కుట్లు, రింగులు అదనం. మిరప తోటల్లో పరిచే 30 మైక్రాన్ల మల్చింగ్ షీట్ 42 గ్రాములే. రైతు దగ్గర మిగిలిన ముక్క అడిగితే ఇస్తాడు, మొక్కలకి బెజ్జాలు కొట్టనిది చూసుకోండి. కాకపోతే ముల్లు తగిలిందంటే అక్కడి నుంచి చిరుగు సాగుతుంది. రెండు మూడు రాత్రులకి సరే.

నేను స్థిరపడింది టైవెక్ మీద. విదేశాల్లో ఇళ్ల గోడలకి, బయటి పలకల కింద చుట్టే తెల్లటి షీట్. 60 జీఎస్ఎం రకమైతే 90 గ్రాములు. సులభంగా చిరగదు. కొత్తలో మాత్రం అప్పడాల కట్ట విప్పినట్టు ఒకటే చప్పుడు, పక్కకి తిరిగితే మనకే మెలకువ వస్తుంది. వాషింగ్ మెషీన్‌లో సబ్బు లేకుండా చల్లటి నీళ్లతో రెండుసార్లు తిప్పితే మెత్తబడుతుంది. (ఇంట్లో ఎవరూ లేనప్పుడు తిప్పండి.) సిలికాన్ పూసిన నైలాన్ కూడా వాడాను. తేలికే గానీ, కొంచెం వాలు ఉంటే చాలు, తెల్లారేసరికి మనిషి కిందికి జారిపోయి ఉంటాడు.

కొలతలో చాలామంది చేసే తప్పు, నేనూ చేశాను: బివీ కంటే పెద్దది కోయడం. వాన పడితే బయటికి మిగిలిన అంచు మీద నీళ్లు పట్టి, నేరుగా మన కిందికి చేరతాయి. అందుకే బివీలో మ్యాట్ ఊది పెట్టి, దాన్ని షీట్ మీద ఉంచి, చుట్టూ గీత గీసి, ఆ గీతకి రెండు వేళ్లు లోపలికి కోయండి. బూట్లకి, బయటికొచ్చేటప్పుడు కాలు పెట్టడానికి చోటు కావాలంటే తల వైపు ఒక జానెడు వదలండి, మబ్బు పట్టిన రాత్రి దాన్ని కిందికి మడిచేయండి.

కొనేముందు చిన్న ముక్క దొరికితే తడి మట్టి మీద వేసి, పైన పాత పేపర్ పరిచి, మోకాలు మోపి ఐదు నిమిషాలు కూర్చోండి. పేపర్ చెమ్మగిల్లితే ఆ షీట్ వద్దు, బివీకి చిల్లు పడిన రోజు తేమ ఆపాల్సింది అదే. కొన్నాక ఒక వైపు స్కెచ్ పెన్‌తో పెద్దగా ‘కింద’ అని రాసుకోండి. లేకపోతే నిన్నటి మట్టి వైపే ఇవాళ బివీకి అంటుకుంటుంది.