శ్రీకాకుళానికి టికెట్టు తీసినా దిగేది మా ఆమదాలవలసలోనే

మా ఇల్లు ఆమదాలవలసలో, స్టేషన్‌కి దగ్గర. పెళ్ళికో, అరసవల్లి దర్శనానికో బయల్దేరే చుట్టాలంతా ముందు నాకే ఫోన్ చేస్తారు. వాళ్ళకి చెప్పేవే ఇవి.

శ్రీకాకుళం ఊళ్ళోకి రైలు రాదు. టికెట్టు మీద కనిపించే ‘శ్రీకాకుళం రోడ్’ మా స్టేషనే. ఇక్కణ్ణుంచి ఊరు దాదాపు 13 కిలోమీటర్లు. 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వాళ్ళు బెజవాడ నుంచి కటక్ దాకా వేసిన లైను ఇటుగా పోయింది, ఊరు అటు ఉండిపోయింది. 1902లో ఉత్తరాది భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. శ్రీకాకుళాన్ని దొరలు పిలిచిన చికాకోల్ పేరు బోర్డు మీంచి పోయినా స్టేషన్ కోడ్‌లో మిగిలింది: సి.హెచ్.ఇ. బుకింగ్‌లో అది కొట్టండి. అది చెన్నై కోడ్ కాదు, టెన్షన్ పడకండి.

దిగేటప్పుడే అసలు జాగ్రత్త. చాలా బళ్ళు రెండు నిమిషాలే ఆగుతాయి. విశాఖ వైపు నుంచి వస్తుంటే దూసి స్టేషన్ దాటాక నాగావళి వంతెన వస్తుంది. చక్రాల చప్పుడు ఒక్కసారి మారిపోయి, కిటికీ పక్కనుంచి ఇనుప కమ్మీలు పరుగెడతాయి. అప్పటికే సామాను తలుపు దగ్గరుండాలి. వంతెన మీద లేచి చెప్పులు వెతుక్కుంటే పలాస వెళ్ళి తేలతారు. పలాస వైపు నుంచి వచ్చేవాళ్ళకి వంశధార గుర్తు. అది దాటాక కాస్త టైముంటుంది.

ఇక్కణ్ణుంచి పలాస వైపు ఎక్కేవాళ్ళు బోర్డు చదవండి. గుణుపూర్ పాసింజరు పలాస వెళ్ళదు, నౌపడా దగ్గర పక్కకి తిరిగిపోతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైనది; 2004లో ఆపి పెద్ద లైనుగా మార్చారు. బొబ్బిలి, పార్వతీపురం వెళ్ళాలంటే విజయనగరంలో బండి మారాలి.

జనరల్ టికెట్టుకి క్యూలో నిలబడే ఓపిక లేకపోతే రైల్వే వాళ్ళ రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు. టీటీఈ అడిగితే యాప్ తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. దగ్గర ప్రయాణాలకి పొద్దున్నే టికెట్టు తీసి సాయంత్రం ఎక్కుతామంటే కుదరదు: 199 కిలోమీటర్ల లోపు అయితే మూడు గంటల్లోపు, లేదా ఆ ఊరికి వెళ్ళే మొదటి బండికి, ఏది ఆలస్యమైతే అది. రోజూ విశాఖ వెళ్ళొచ్చేవాళ్ళకి సీజన్ టికెట్టు దొరుకుతుంది, 150 కిలోమీటర్ల పరిమితిలోనే ఉన్నాం. దాన్ని చూపించి రిజర్వేషన్ బోగీలో కూర్చుంటే మాత్రం ఫైను తప్పదు.

స్టేషన్ బయట సర్వీసు ఆటోలుంటాయి. బస్సయితే చవక. మనిషికింతా, ఆటో మొత్తానికింతా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. సామాను చూసి రేటు పెంచేవాళ్ళున్నారు. అరసవల్లికి ముందు శ్రీకాకుళం వెళ్ళి, అక్కడ ఇంకో ఆటో ఎక్కండి, ఊరికి ఆనుకునే ఉంటుంది. శ్రీకూర్మం కూడా అదే రోజు చూడాలంటే పొద్దున్న బండికే రండి.

తిరుగు ప్రయాణానికి రైలు టైముకి గంట ముందే శ్రీకాకుళంలో కదలండి. ఆదివారాలూ, రథసప్తమీ అయితే అరసవల్లి జనంతో ఆ గంట కూడా చాలదు. బండి లేటేమో 139కి ఫోన్ చేసి కనుక్కుంటే, ఆ టైములో మా ఇంట్లో టీ తాగొచ్చు.