పెరటి కోళ్లు గుడ్లు పెట్టాలంటే మొదటి నాలుగు వారాలు కోడిపిల్లల్ని కనిపెట్టుకుని ఉండండి

గూడు గురించి ఎక్కువ ఆలోచించకండి. వాన పడని కప్పు, పిల్లి, ముంగిస దూరలేని జాలీ, రాత్రి ఎక్కి కూర్చోవడానికి అడ్డకర్ర, నేల మీద రెండు అంగుళాల ఊక ఉంటే చాలు. గూటికి వేలకు వేలు పోసి, పిల్లల్ని మాత్రం అట్టపెట్టెలో పడేసి వారం తిరక్కుండా సగం పోగొట్టుకునే వారిని చూసి చూసి విసుగు వచ్చింది.

గుడ్ల కోసమైతే గ్రామప్రియ తప్ప మరొకటి వద్దు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకమిది. నాటు పెట్ట రుచి గొప్పదే కాని, పది పన్నెండు గుడ్లు పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. వీధుల్లో బుట్టలో అమ్మే రంగు పిల్లల్ని మాత్రం ముట్టుకోకండి. అవి చాలావరకు గుడ్ల జాతి మగపిల్లలు, హేచరీలు వద్దని ఏరేసినవి. సంతలో పెద్ద కోళ్లను కొంటే తెగులును చేజేతులా ఇంటికి తెచ్చుకున్నట్టే. ఒక రోజు పిల్లలే తెచ్చుకోవాలి. ఆడా మగా కలిసి వస్తాయి కాబట్టి ఆరు పెట్టలు కావాలంటే పన్నెండు పిల్లలు తీసుకోండి. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదు, ఎదిగిన పుంజుల్ని ఉంచుకోనక్కర్లేదు.

ఇక అసలు పని. తల్లి రెక్కల కింద దొరకాల్సిన వెచ్చదనం మీరే ఇవ్వాలి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, ఆ తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. రేకుతోనో మందపాటి అట్టతోనో అడుగున్నర ఎత్తు దడి కట్టండి, గుండ్రంగానే కట్టండి. మూలలుంటే చలికి పిల్లలన్నీ అక్కడికి దూరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందివి ఊపిరాడక చనిపోతాయి. ఊకను మేత అనుకుని తినకుండా మొదటి మూడు రోజులు దాని మీద పాత పేపరు పరిచి, రోజూ మార్చండి.

ఎల్‌ఈడీ బల్బు వెలుతురిస్తుంది కాని పిల్లలకు సరిపడే వేడి ఇవ్వదు. పాత రకం ఫిలమెంటు బల్బే కావాలి. పన్నెండు పిల్లలకు 60 వాట్లది ఒకటి సరిపోతుంది. దాన్ని ఎత్తడానికీ దించడానికీ వీలుగా తాడుతో వేలాడదీసి, పిల్లలు రాకముందే వెలిగించి ఉంచండి.

థర్మామీటరు కన్నా పిల్లలే నిజం చెబుతాయి. బల్బు కింద గుట్టగా చేరి కీచుకీచుమంటుంటే చలేస్తోంది, బల్బు దించండి. దడికి ఆనుకుని, రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువైంది, ఎత్తండి. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో వైపు నుంచి గాలి కొడుతోందన్నమాట. దడి అంతటా చెదిరి, కొన్ని మేస్తూ, కొన్ని కాళ్లు చాపి పడుకుంటే మీ పని సరిగ్గా ఉంది. సాయంత్రం చూసి ఊరుకుంటే కాదు, చలి ముదిరే తెల్లవారుజామున లేచి చూడాలి. వేసవి మధ్యాహ్నాల్లో బల్బు ఆపేయాల్సి రావచ్చు. కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి లోపల పెట్టండి. చలని చెప్పి పట్టాతో దడి మొత్తం కప్పేయకండి. గాలి ఆడక, ఊకలోంచి లేచే ఘాటుకు పిల్లల కళ్లు మండుతాయి.

కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా లసోటా అనే టీకా చుక్క 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో వేయించాలి, 28వ రోజున మరోసారి, ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్‌2బి అనే టీకా సూది. మందును ఐసులో పెట్టి తేకపోతే వేసినా వృథాయే.

అయిదారు వారాలు దాటాక పగలు పెరట్లోకి వదలండి. పురుగులూ ఆకులూ అవే ఏరుకుంటాయి, పొద్దునా సాయంత్రం మాత్రం గింజలు చల్లాలి. గుడ్లకు వచ్చే ముందు నుంచి ఆలిచిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచండి, లేకపోతే పెంకు పలచబడుతుంది. ఆరు నెలలకు అటూ ఇటూగా గుడ్లు మొదలవుతాయి. చీకటి మూలలో గడ్డి పరిచిన గంప పెట్టి, మధ్యాహ్నానికల్లా గుడ్లు తీసేయండి. పగిలిన గుడ్డు రుచి మరిగిన పెట్ట ఆ తరువాత పెట్టినవన్నీ పొడుచుకుని తింటుంది.