పాత రేసు కారు గొట్టాల ఛాసిస్‌ను పునరుద్ధరించడం ఎలా?

1962లో లోటస్ 25 అల్యూమినియం మోనోకాక్‌తో, అంటే రేకుల పెట్టెలాంటి ఒకే నిర్మాణంతో, ఫార్ములా వన్‌లోకి వచ్చేనాటికి రేసు కార్లలో అధిక భాగం ఉక్కు గొట్టాలను అతికి కట్టిన చట్రాల (ఛాసిస్‌ల) మీదనే నడిచేవి. ఆ గొట్టాల గోడ మందం చాలా చోట్ల 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్లే. అందువల్ల ఈ పనిలో రంపం కంటే కొలతల టేపుకే ఎక్కువ పని ఉంటుంది.

మొదట ఛాసిస్ సంఖ్య చెక్కిన చోటును, ప్రతి అతుకును, ప్రతి బ్రాకెట్‌ను ఫొటో తీయండి. కారును చారిత్రక రేసుల్లో నడపదలిస్తే అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ అలాంటి రేసుల కోసం రూపొందించిన అపెండిక్స్ కె నిబంధనలను ముందే చదవాలి. కారు తన కాలంనాటి నిర్మాణానికి కట్టుబడి ఉండాలని అవి కోరతాయి కాబట్టి, బలం కోసమని అదనపు గొట్టం వేస్తే అది మేలు కాకపోగా చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

తరువాత చట్రాన్ని చదునైన బరువైన ఉక్కు బల్ల మీదికి ఎక్కించి, రసమట్టంతో సరిచూసి, కదలకుండా బిగించండి. ప్రతి సస్పెన్షన్ బోల్టు రంధ్రం కేంద్రం నుంచి గుండుదారం వేలాడదీసి, గుండు మొన తాకిన చోట బల్ల మీద గీత గీసి, ఆ గుర్తుల మధ్య దూరాలను నేరుగానూ ఐమూలగానూ కొలిచి రాసుకోండి. ఎడమకు, కుడికి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కనబడగానే చట్రం వంగిందని తీర్మానించకూడదు, ఎందుకంటే చేతితో కట్టిన చట్రాల్లో ఆ తేడా పుట్టుకతోనే ఉండవచ్చు. పాత ప్రమాదపు గుర్తులు, ముడతపడిన గొట్టం తోడైతేనే దానిని వంపుగా పరిగణించాలి.

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉన్నందున దానిని పొడిగా రుద్ది తీయకుండా, మాస్కు, చేతి తొడుగులు ధరించి రసాయనంతో తొలగించండి. ముతక ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే, అంటే దానిని గాలి ఒత్తిడితో చిమ్మి శుభ్రం చేస్తే, పలుచని గోడ మరింత అరుగుతుంది. సంఖ్య చెక్కిన చోటును కప్పి, తెరిచి ఉన్న గొట్టాల మూతులను మూసి, తక్కువ ఒత్తిడితో గాజుపూసల బ్లాస్టింగ్ చేయించడం మేలు.

ఇక బీటల వేట. ఇంజిన్ మౌంట్లు, సస్పెన్షన్ బ్రాకెట్లు, నీరు నిలిచే అడుగు గొట్టాలు ముఖ్యంగా అనుమానించదగినవి. బీటల్లోకి ఇంకే ఎర్ర ద్రవం డై పెనిట్రెంట్‌ను పూసి, డబ్బాపై చెప్పిన సమయం ఆగి, తుడిచి, దానిని పైకి లాగే తెల్లని డెవలపర్ చల్లితే తెల్లని పొర మీద వెంట్రుకంత ఎర్ర గీత పైకి తేలుతుంది. అది చాలాసార్లు అతుకు మధ్యలో కాక, దాని అంచున, గొట్టం మొదలయ్యే చోట కనబడుతుంది. తుప్పు లోపలి నుంచి తిన్న గొట్టాలను అల్ట్రాసోనిక్ మందమాపకం పట్టిస్తుంది.

మరమ్మతులో ఒకసారికి ఒక గొట్టాన్ని మాత్రమే కోయండి. అతుకును ఆకురాయితో కొద్దిగా గీసి చూడండి: పసుపు మెరుపు కనబడితే అది కంచు బ్రేజింగ్, అంటే ఉక్కును కరిగించకుండా కంచును కరిగించి పోసిన అతుకు. దాని మీద ఉక్కు వెల్డింగ్ చేస్తే, కరిగిన రాగి ఉక్కు రేణువుల మధ్యకు చొరబడి కొత్త పగుళ్లు తెస్తుంది. పాత కంచును పూర్తిగా తొలగించి, మళ్లీ బ్రేజింగే చేయాలి. రెండు కొసలూ మూసుకున్న గొట్టానికి చిన్న రంధ్రం వేయకుండా వేడి తగిలించకండి, లోపలి గాలి వ్యాకోచించి అది పేలవచ్చు. కొత్త గొట్టం అదే వ్యాసంతో, అదే మందంతో ఉండాలి. దాని కొసను ఆకురాయితో అరగదీస్తూ, సందులోంచి వెలుతురు కనబడనంతగా పాత గొట్టానికి కూర్చండి. ముందు అన్ని వైపులా చుక్క అతుకులు వేసి, ఆపై ఒక వైపు కొంత, ఎదురు వైపు కొంత పూర్తి చేస్తూ, గాలికే చల్లారనివ్వండి. ప్రతి గొట్టం తరువాతా బల్ల మీది గుర్తులతో సరిచూడాలి. తీసిన గొట్టానికి చీటీ కట్టి దాచండి, కారు చరిత్రకు అదీ సాక్ష్యమే.

కొన్ని కార్లలో నూనె, నీరు ఛాసిస్ గొట్టాల్లోనే ప్రవహిస్తాయి. వాటిలో తక్కువ ఒత్తిడితో గాలి నింపి, ఎక్కడైనా కారుతోందేమో సబ్బునీటితో పరీక్షించాలి. పోర్షే 917 ఇంజినీర్లు ఇదే సూత్రాన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లారు. దాని అల్యూమినియం గొట్టాల్లో వాయువును ఒత్తిడితో నింపి ఉంచేవారు కాబట్టి, గేజ్ ముల్లు పడిపోతే బీట పడినట్టు తెలిసేది.

పొడి రంగును వేడితో కరిగించి పట్టించే పౌడర్ కోటింగ్ మందంగా పడి బీటలను దాచిపెడుతుంది. తుప్పు నిరోధక ప్రైమర్ పైన పలుచని లేత బూడిద రంగు వేయడమే నా సలహా. మొదటి కొద్దిపాటి పరుగుల తరువాత కొత్త అతుకులను, సస్పెన్షన్ బ్రాకెట్లను మరోసారి జాగ్రత్తగా పరిశీలించి, రంగు చిట్లిన చోట దానిని తొలగించి డై పెనిట్రెంట్‌తో పరీక్షించండి.