డెల్టాలో వాన నీళ్లు: ఇంకుడు గుంత కన్నా ట్యాంకే మేలు

నీటి ఎద్దడి అనగానే అందరూ ఇంకుడు గుంత తవ్వమంటారు. గోదావరి డెల్టాలో భీమవరం, పాలకొల్లు, అమలాపురం లాంటి చోట్ల చాలా ఇళ్లకు అది దండగ ఖర్చు. వానాకాలంలో ఇక్కడ కాస్త తవ్వితే చాలు, ఊట వచ్చేస్తుంది. అప్పటికే నిండిన గుంతలో వాన నీరు ఇంకేదెక్కడ? బంకమట్టి ఉంటే మరీ కష్టం. ఇంకినా చాలాచోట్ల కలిసేది ఉప్పు నీళ్లలోనే. సముద్రం దగ్గరి ఇసుక మెరకల లెక్క మాత్రం వేరు. అక్కడ ఉప్పు నీటి మీద మంచినీరు పొరలా తేలుతుంది కాబట్టి ఇంకిస్తే లాభమే. అయితే మోటారుతో గట్టిగా తోడకూడదు, కింది ఉప్పు పైకొస్తుంది.

మిగతావాళ్లు డాబా నీళ్లు పట్టి దాచుకోవాలి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక అక్కరకొచ్చేవి అవే.

100 చదరపు మీటర్ల డాబా మీద 1 మి.మీ. వాన కురిస్తే 100 లీటర్లు. అందులో ఐదో వంతు పోయిందనుకున్నా, 60 మి.మీ. వానకి 4,800 లీటర్లు వస్తాయి. ఐదుగురికి తాగడానికి, వంటకి మనిషికి రోజుకు 10 లీటర్లు వేసుకుంటే 5,000 లీటర్ల ట్యాంకు వంద రోజులు వస్తుంది. స్నానాలకీ, బట్టలకీ వాడితే కొద్ది రోజుల్లోనే అయిపోతుంది.

డాబా వాటం ఒక మూలకి ఉండాలి. అక్కడ జాలీ పెట్టి 4 అంగుళాల పీవీసీ గొట్టం దించండి. ఫిల్టరుకి ముందు గొట్టానికి T ఆకారపు జాయింటు వేసి, తొలి నీళ్లు పోవడానికి 200 లీటర్ల మూత డ్రమ్ము కలపండి. పావురాల రెట్టలు, ధూళి, కొబ్బరి పుల్లలు ముందు దాన్లోకే పోతాయి, అది నిండాకే మంచి నీళ్లు ఫిల్టరుకి మళ్లుతాయి. చాలామంది ఇక్కడ డ్రమ్ముకి బదులు మీటరు పొడవు గొట్టం పెట్టి సరిపెడతారు. 4 అంగుళాల గొట్టం మీటరుకి 8 లీటర్లే పడుతుంది, దానితో ఏమీ కాదు. డ్రమ్ము అడుగున సన్నగా కారే కుళాయి ఉంచండి, లేకపోతే రెండో వానకి డ్రమ్ము నిండే ఉంటుంది.

ఫిల్టరుకి ఇంకో డ్రమ్ము చాలు: అడుగున గులకరాళ్లు, పైన చిన్న కంకర, ఆపైన కడిగిన ఇసుక, ఒక్కోటి జానెడు. పొరల మధ్య నైలాన్ వల పరవండి. నీళ్లు పొర్లుతుంటే పై ఇసుక తీసి కడగాలి.

ట్యాంకు నేల మీదే పెట్టండి. పాతిన ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఊట పైకెత్తేస్తుంది. పలచటి గోడల సిమెంటు సంపుకీ ఆ ప్రమాదం ఉంది. 5,000 లీటర్ల ట్యాంకు నిండితే 5 టన్నులు, కాబట్టి దిమ్మ గట్టిగా లేకపోతే బంకమట్టి కుంగి గొట్టాల జాయింట్లు విడిపోతాయి. వెలుతురు చొరని ట్యాంకు కొనండి, లేదంటే పాచి పడుతుంది. గాలి గొట్టానికీ, పొర్లు గొట్టానికీ దోమల జాలీ కట్టాలి. తాటాకు కప్పు, తారు పూసిన కప్పు, పాత ఆస్బెస్టాస్ రేకుల మీది నీళ్లు తాగడానికి పట్టకండి.

5,000 లీటర్లు నిండాక 12 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోసి, కనీసం అరగంట ఆగండి. తాగేవి మరిగించుకుంటే ఇంకా మంచిది. అక్టోబరు, నవంబరు వానలకే ట్యాంకు నింపేసుకోండి. ఆ తర్వాత వేసవి దాకా గట్టి వాన పడుతుందన్న నమ్మకం లేదు.