వర్జీనియా పొగాకు భూస్వాముల వంశం వెతుకుతున్నారా? ముందు భూమి కాగితాలు తీయండి

రిచ్‌మండ్‌లో మా ఎదురింటి పెద్దావిడ పూర్వీకులు 1700ల నాటి పొగాకు భూస్వాములు. ఆవిడ వాళ్ల వివరాలు వెతుకుతుంటే పక్కన కూర్చుని నేనూ ఈ పని నేర్చుకున్నాను. చర్చి రిజిస్టర్లు చాలాచోట్ల మిగల్లేదు. బంధుత్వాలు తేలేది భూమి దగ్గరే.

మొదట కౌంటీ తేల్చుకోండి. మన జిల్లాల్లాగే అవీ విడిపోతూ వచ్చాయి. 1734లో స్పాట్సిల్వేనియా నుంచి ఆరెంజ్, 1749లో ఆరెంజ్ నుంచి కల్పెపర్ పుట్టాయి. కుటుంబం ఇల్లు కదలకపోయినా కాగితాలు మూడు కోర్టుల్లో ఉండొచ్చు.

తర్వాత పట్టా. సముద్రం దాటించి మనుషులను తెచ్చినవాళ్లకు ఒక్కో మనిషికి 50 ఎకరాల చొప్పున ఇచ్చేవారు. అలా వచ్చిన మనుషుల పేర్లు చాలా పట్టాల్లో ఉంటాయి. అయితే పట్టా తేదీనే వాళ్లు వచ్చిన తేదీ అనుకోకండి, ఆ హక్కులను అమ్ముకునేవారు, కొనుక్కునేవారు. పట్టాల స్కాన్‌లు లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అసలు చిక్కు వారసత్వం దగ్గర. వీలునామా రాయకుండా పోతే భూమంతా పెద్దకొడుకుదే, తమ్ముళ్లకు ఎకరం కూడా రాదు. 1785లో చేసిన చట్టం 1787 జనవరి నుంచి అమలయ్యేదాకా ఇదే పద్ధతి. అందుకని వీలునామాలో పెద్దవాడి పేరు లేకపోతే తండ్రి కాదనుకున్నాడని రాసేసుకోకండి. అప్పటికే అతనికి భూమి ఇచ్చేసి ఉండొచ్చు. ఎవరైనా భూమి అమ్మినట్టు ఉండి, కొన్నట్టు దస్తావేజు కనబడకపోతే సంతోషించండి. అది వారసత్వంగా వచ్చి ఉంటుంది. అదే వాగు, అవే హద్దు చెట్లు ఎవరి పేరున ఉన్నాయో వెనక్కి చూడండి, తండ్రో తాతో దొరికే అవకాశం ఎక్కువ. అమ్మకం కాగితాల్లో భార్య పేరూ దొరుకుతుంది. ఆమెకు ఇష్టమేనా అని కోర్టు విడిగా పిలిచి అడిగేది.

భర్త పోతే అతని భూమిలో మూడో వంతు ఆమె బతికున్నంతకాలం ఆమెది. బానిసలుగా ఉంచిన మనుషులను కూడా 1705 చట్టం స్థిరాస్తిలో కలిపింది. 1757లో డానియల్ పార్క్ కస్టిస్ అనే భూస్వామి వీలునామా లేకుండా పోయాడు. భార్య మార్తా మూడో వంతుతో 1759లో జార్జ్ వాషింగ్టన్‌ను పెళ్లాడింది. ఆ వాటాలోని మనుషులు, వాళ్ల పిల్లలు 1799 నాటికి 153 మంది. వాళ్లను విడిపించే హక్కు వాషింగ్టన్‌కు లేదు. 1802లో మార్తా పోయాక ఆమె మనవలు పంచుకున్నారు. ఇలాంటి ఆస్తి జాబితాల్లో కనిపించిన ప్రతి పేరూ రాసుకోండి. మీకు అక్కర్లేదని వదిలేసిన ఆ పేరు కోసమే ఒక నల్లజాతి కుటుంబం ఏళ్లుగా వెతుకుతూ ఉండొచ్చు.

తేదీలతో జాగ్రత్త. 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1731 డిసెంబరులో రాసిన వీలునామా 1731 ఫిబ్రవరిలో కోర్టుకు వచ్చిందంటే తప్పేమీ లేదు. ఆ ఫిబ్రవరిని 1731/32 అని రాసుకోండి.

జేమ్స్ సిటీ లాంటి కౌంటీల పాత పుస్తకాలు 1865లో అంతర్యుద్ధం చివర రిచ్‌మండ్ మంటల్లో పోయాయి. అప్పుడు పక్క కౌంటీ పుస్తకాలు తెరవండి, హద్దుల్లో ఇరుగుపొరుగు పేర్లు వెతకండి. ఆ ఇళ్లతోనే వియ్యాలు ఎక్కువ.