మీరు రాసిన లైబ్రరీని ఓపెన్ సోర్స్‌గా ఎలా విడుదల చేయాలి?

తిరుపతికి దగ్గర్లో ఒక మామిడి మండీకి బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చాను. రసీదు మీద మొత్తం అంకెల్లోనే కాక తెలుగు అక్షరాల్లోనూ పడాలన్నారు. 116 ఇస్తే నా కోడ్ ‘వంద పదహారు’ అంది. గుమాస్తా నవ్వి, “నూట పదహారు గదా సామీ” అన్నాడు. నిజమే. 100 అయితే వంద, దాని మీద ఒక్కటి పడితే నూట. 200 అయితే రెండు వందలు, 250 అయితే రెండు వందల యాభై. ఈ మెలికలన్నీ పట్టుకుని పైథాన్‌లో ఒక చిన్న లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాంలలోకి తెచ్చుకుని వాడుకోగల కోడ్, తయారైంది. ఇంకెవరికైనా పనికొస్తుంది కదా, ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా చూసి వాడుకునేలా ఇద్దాం, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ‘పబ్లిక్’ నొక్కేస్తే సరి అనుకున్నాను. అసలు పనంతా ఆ బటన్‌కు ముందే ఉందని తర్వాత తెలిసింది.

ముందు, కోడ్ ఎవరిదో తేల్చుకోండి

ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ మీది కాదు. వేరే ఒప్పందం లేకపోతే 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం దాని తొలి హక్కుదారు కంపెనీయే. మేనేజర్ నోటిమాటగా “పెట్టుకో” అంటే చాలదు, మెయిల్‌లో రాయించుకోండి. బయటివాళ్లకు డబ్బుకు రాసిచ్చినదైతే ఒప్పందం తీసి మళ్లీ చదవండి. నేను మండీ యజమానిని అడిగితే, “బిల్లుల ప్రోగ్రాం మాది, ఆ అంకెల సంగతి నీ ఇష్టం” అన్నాడు. అదే మాట వాట్సాప్‌లోనూ పెట్టమన్నాను.

తర్వాత, ఇల్లు కడగండి

నేను పప్పులో కాలేసింది ఇక్కడే. పరీక్ష కోసం మండీ రసీదులు కొన్ని ఒక ఫైల్లో పెట్టుకున్నాను. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే. విడుదలకు ముందు ఆ ఫైలు తీసేసి, కమిట్ చేసి (కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఆ మార్పును నమోదు చేసి), హమ్మయ్య అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఒక స్నేహితుడికి చూపిస్తే, పాత కమిట్ ఒకటి తెరిచి, “ఇదేంది, నంబర్లన్నీ ఈడే ఉండాయే!” అన్నాడు. ఫైలు తీసేసినా గిట్ చరిత్రలో దాని పాత రూపం అలాగే ఉంటుంది.

దీనికి దారులు రెండు. గిట్ ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో ఆ ఫైలును చరిత్ర మొత్తంలోంచి తీసేయవచ్చు. లేదా శుభ్రం చేసిన కోడ్‌ను కొత్త ఫోల్డర్లోకి మార్చి, కొత్త రిపాజిటరీగా (కోడూ దాని చరిత్రా ఉండే చోటు) ఒకే కమిట్‌తో మొదలుపెట్టవచ్చు. చిన్న లైబ్రరీకి రెండోదే సుఖం. పాత కమిట్లలో ‘ఇది పనిచేయాలి దేవుడా’ లాంటి సందేశాలు ఎవరూ చదవక్కర్లేదు కూడా.

కోడ్‌లో పాస్‌వర్డో, ఏపీఐ కీనో (వేరే సర్వీసును వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) ఉండి, అది ఒక్కసారి బయటపడిందంటే, తీసేస్తే సరిపోదు. పబ్లిక్ రిపాజిటరీల్లో ఇలాంటివి వెతికే బాట్లు (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాంలు) ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

లైసెన్స్

లైసెన్స్ ఫైలు లేని కోడ్ ఎదురుగా కనబడుతున్నా, దాన్ని తమ ప్రోగ్రాంలో వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు. సొంతంగా ఒకటి రాయబోకండి, ఉన్నవాటిలో ఎంచుకోండి. ఎంఐటీ చిన్నది: ఎలాగైనా వాడుకోండి, నా కాపీరైట్ నోటీసు, ఈ లైసెన్స్ పాఠం మాత్రం ఉంచండి, పూచీ నాది కాదు అంటుంది. అపాచీ 2.0 పేటెంట్ల గురించి కూడా స్పష్టంగా చెబుతుంది. 2007లో వచ్చిన జీపీఎల్ 3 అయితే, కోడ్‌ను మార్చి పంచేవాళ్లు తమ సోర్స్‌నూ అదే లైసెన్స్ కింద ఇవ్వాలంటుంది. చిన్న షాపులకు బిల్లుల ప్రోగ్రాంలు రాసేవాళ్లు జంకకుండా వాడుకోవాలని నేను ఎంఐటీ పెట్టాను. మీరు మరో జీపీఎల్ ప్రాజెక్టు నుంచి కోడ్ తెచ్చుకుని ఉంటే మాత్రం దాని మీద ఎంఐటీ ముద్ర వేయడం కుదరదు. ఇంకో సంగతి, రేపు మనసు మార్చుకున్నా ఇప్పటికే తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఆ అనుమతి వెనక్కి రాదు.

రీడ్‌మీ, విడుదల

రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) మీ కథ తర్వాత, ఉదాహరణ ముందు. 116 ఇస్తే ‘నూట పదహారు’ వస్తుందని మొదటి నాలుగు లైన్లలోనే కనబడాలి. ఎలా ఇన్‌స్టాల్ చేయాలో, ఏ పైథాన్ వెర్షన్ కావాలో రాసి, మీది కాని కంప్యూటర్లో ఒకసారి మొదటి నుంచీ చేసి చూడండి.

మొదటి వెర్షన్‌కు 0.1.0 చాలు. సున్నాతో మొదలైందంటే ఇంకా మార్పులుంటాయని వాడేవాళ్లకు అర్థమవుతుంది. గిట్‌లో అదే నంబర్‌తో ట్యాగ్ (గుర్తు) వేయండి. పేరు ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ముందు ప్రయోగాలకని ఉన్న టెస్ట్ పైపీఐలో, ఆ తర్వాతే పైథాన్ లైబ్రరీలను అందరూ తెచ్చుకునే అసలు పైపీఐలో ఎక్కించండి. అక్కడ ఒకసారి పెట్టిన ఫైలును తొలగించినా, అదే పేరుతో మళ్లీ పెట్టనివ్వదు. తప్పు దొర్లితే వెర్షన్ నంబర్ పెంచడమే.

నా లైబ్రరీకి వచ్చిన మొదటి ఇష్యూ (వాడేవాళ్లు గిట్‌హబ్‌లో రాసే ఫిర్యాదు): “1,116కు ‘వెయ్యి నూట పదహారు’ అంటోంది. పెళ్లి చదివింపుల్లో మేం వెయ్యిన్నూట పదహార్లు అని రాస్తాం.” రెండూ సరైనవే. అది రాసినాయన్నే ఒక టెస్ట్ (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న కోడ్) రాసి పంపమన్నాను. సాయంత్రానికి పంపాడు. దాన్ని ఒక ఆప్షన్‌గా చేర్చి 0.2.0 వదిలాను.