అందరి ఇల్లు – వాలంటీర్ల స్వయంశిక్షణ, మూడో పాఠం: భోజనాల బల్ల దగ్గర

రెండో పాఠంలో ఉదయం నిద్ర లేపడం, పలకరించడం, గదిలోకి వెళ్ళే ముందు తలుపు తట్టి ఆగడం నేర్చుకున్నాం. ఈ పాఠం కూడా ఆ ఆగడం గురించే. కాకపోతే ఈసారి చేతిలో స్పూను ఉంటుంది.

క్యాంప్‌హిల్ పల్లెల్లో, అంటే వైకల్యం ఉన్నవాళ్ళూ సాయపడేవాళ్ళూ ఒకే ఇంట్లో కలిసి బతికే చోట్ల, ఏడాది పనిచేయడానికి బయల్దేరే పిల్లలు ఎక్కువగా స్నానాల గది గురించి టెన్షన్ పడతారు. నన్నడిగితే భోజనాల బల్లే కష్టం. స్నానం రోజుకు ఒక్కసారి, తలుపు మూసుకొని జరుగుతుంది. భోజనం రోజుకు మూడుసార్లు, ఇంటిల్లిపాది ముందు జరుగుతుంది. పైగా తినిపించడం మనకు వచ్చనే అనుకుంటాం. అందుకే ఈ పాఠం కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

ఆ బల్ల ఎలాంటిది

మొదటి పాఠంలో చెప్పిన చరిత్రలో ఒక ముక్క ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1938లో ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించాక కార్ల్ కోనిగ్ అనే డాక్టరు వియన్నా వదిలి స్కాట్లాండ్ చేరాడు. పుట్టుకతో యూదుడు. ఆయనతో కలిసిన యువ శరణార్థులు ఆబర్డీన్ దగ్గర మానసిక ఎదుగుదలలో వెనకబడిన పిల్లలతో ఒకే ఇంట్లో బతకడం మొదలుపెట్టారు. 1940 జూన్ 1న క్యాంప్‌హిల్ అనే ఎస్టేట్‌కి మారారు. యుద్ధం రోజులు కాబట్టి శత్రుదేశస్థులన్న పేరుతో మగవాళ్ళను నిర్బంధ శిబిరాలకు పంపేశారు. కొత్త ఇంటిని నిలబెట్టింది ఆడవాళ్ళు. పెద్దవాళ్ళ కోసం మొదటి పల్లె 1955లో ఇంగ్లండ్‌లోని బాటన్‌లో వచ్చింది. ఇప్పుడు 20కి పైగా దేశాల్లో 100కి పైగా ఇలాంటి సముదాయాలున్నాయి.

ఇల్లు పోయినవాళ్ళు, సమాజం పక్కన పెట్టినవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చోవడంతో మొదలైన పద్ధతి ఇది. అందుకే అక్కడ వాలంటీరు నర్సులా పక్కన నిలబడడు. అదే బల్ల దగ్గర కూర్చొని, అదే వంట, అదే ప్లేట్లలో తింటాడు. చాలా ఇళ్ళలో కొవ్వొత్తి వెలిగించి, చిన్న పాటో ప్రార్థనో అయ్యాక, పక్కవాళ్ళ చేతులు పట్టుకొని భోజనానికి ఆశీస్సులు చెప్పుకుంటారు. మీకు ఆ ప్రార్థన మీద నమ్మకం ఉందా లేదా అని ఎవరూ అడగరు. కానీ చెయ్యి మాత్రం ఇవ్వండి. కొంతమందికి రోజు మొత్తంలో తనంతట తాను ఒకరి చెయ్యి పట్టుకునే సమయం అదొక్కటే.

మనం వదిలించుకోవలసిన అలవాటు

మన ఇళ్ళలో ప్రేమంటే పెట్టడమే. గోరుముద్దలు తిని పెరిగాం. "ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు" అని బతిమాలడం మనకు మర్యాద. వైకల్యం ఉన్న పిల్లలకు మన అమ్మలు ముప్పై ఏళ్ళు వచ్చినా చేత్తో కలిపి పెడతారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఆ పిల్లల చేతులకు స్పూను పట్టే అవకాశమే రాదు. అమ్మ పెద్దదై, చెయ్యి వణకడం మొదలయ్యాక, ఎవరు పెడతారన్న దిగులు ఇంటినంతా పట్టుకుంటుంది.

క్యాంప్‌హిల్ ఇంట్లో ప్రేమ ఇంకోలా ఉంటుంది: మీరు సాయపడే మనిషి, ఆయన చేయగలిగింది మీరు చేయకూడదు. ఇది చెప్పడం తేలిక. సూపు ఒలుకుతుంటే, మిగతావాళ్ళంతా తినడం అయిపోయి చూస్తుంటే, మీ చెయ్యి దానంతటదే ముందుకు వెళుతుంది. దాన్ని ఆపడమే ఈ పాఠంలో అసలు నైపుణ్యం.

చివరి మెట్టు ఆయనది

ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టండి. స్పూను పట్టుకోవడం, ప్లేటులో ముంచడం, ఎత్తడం, నోటి దాకా తేవడం, నోట్లో పెట్టుకోవడం. చాలామంది మొదటి మెట్టు నుంచి నేర్పబోతారు. దాంతో ఆ మనిషి మొదట్లోనే తడబడి, మిగతాదంతా మీరు చేసేస్తారు. ప్రతిసారీ ఓటమితో మొదలై మీ గెలుపుతో ముగుస్తుంది.

తిరగేసి చేయండి. మొదటి నాలుగు మెట్లకూ మీరు సాయపడండి, చివరి బెత్తెడు దూరం ఆయనకు వదలండి. నోట్లో పెట్టుకున్నది ఆయనే. అది అలవాటయ్యాక ఎత్తడం దగ్గర వదలండి, తర్వాత ముంచడం దగ్గర. సైకిలు నేర్పేవాళ్ళు వెనక సీటు మీద పట్టు ఎలా సడలిస్తారో అలా. ఒక్కో మెట్టుకు వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. మీ ఏడాదిలో పూర్తి కాకపోతే మీ తర్వాత వచ్చేవాళ్ళు అక్కడి నుంచి అందుకుంటారు. అందుకే ఏ మెట్టు దాకా వచ్చిందో ఇంటి డైరీలో రాసి పెట్టండి.

ఆయన చెయ్యి మీద మీ చెయ్యి వేసి నడిపించకండి. మీ చెయ్యి కింద పెట్టండి. పైన వేస్తే అది పట్టు, కింద పెడితే ఆసరా. ఇష్టం లేకపోతే ఆయన తన చెయ్యి తీసేసుకోగలగాలి.

వస్తువులు కూడా పని తేలిక చేస్తాయి. లావు పిడి ఉన్న స్పూను, ప్లేటు జారకుండా కింద రబ్బరు చాప, తిండి బయటికి పోకుండా ప్లేటుకు తగిలించే అంచు, తల వెనక్కి వంచకుండా తాగడానికి ముక్కు దగ్గర కోసిన కప్పు. చూపు లేనివాళ్ళకు ప్లేటును గడియారంలా వర్ణించి చెప్పండి: "ఆరు గంటల దగ్గర బంగాళాదుంప, పన్నెండు దగ్గర క్యారెట్."

వెన్న కావాలా, జామ్ కావాలా అని అడిగినప్పుడు రెండూ కళ్ళ ఎదుట పెట్టి ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. చాలామందికి మాట లోపలికి వెళ్ళి జవాబై బయటికి రావడానికి అంత సమయం కావాలి. మీరు మూడు దగ్గరే మళ్ళీ అడిగితే, ఆయన మళ్ళీ మొదటికి వెళ్ళాలి. చూపు, వేలు, చిన్న నవ్వు, మొహం తిప్పుకోవడం అన్నీ జవాబులే. ఎప్పుడూ ఆయన తల మీదుగా ఇంకొకరిని "ఈయన జామ్ తింటాడా?" అని అడగకండి.

ఎవరికైతే మీరే తినిపించాలో

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్నవాళ్ళలో, వయసు మీరిన డౌన్ సిండ్రోమ్ వాళ్ళలో కొందరికి మింగడమే కష్టం. తిండి అన్నవాహికలోకి కాకుండా శ్వాసనాళంలోకి జారితే ఊపిరితిత్తుల్లో న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఇలాంటివాళ్ళకు మింగడంలో ఇబ్బందులు చూసే థెరపిస్టు రాసిన ప్లాన్ వంటింట్లోనే ఉంటుంది. దాన్ని చదవకుండా మొదటి స్పూను ఎత్తకండి. మీకన్నా ముందు నుంచి ఆ ఇంట్లో పనిచేస్తున్నవాళ్ళు "ఏం కాదులే" అన్నా సరే.

ఆ ప్లాన్‌లో ఒక అంకె కనిపిస్తుంది. తిండి, ద్రవాల చిక్కదనాన్ని 0 నుంచి 7 దాకా కొలిచే అంతర్జాతీయ పద్ధతి అది. 0 అంటే మామూలు నీళ్ళు, 7 అంటే మామూలు భోజనం. 5 అంటే మెత్తగా, తడిగా, 4 మిల్లీమీటర్లకు మించని పలుకులు. ఫోర్క్ పళ్ళ మధ్య సందు సుమారు అంతే ఉంటుంది కాబట్టి కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు. 6 అంటే మెత్తటి ముక్కలు, పెద్దవాళ్ళకు 15 మిల్లీమీటర్ల లోపు. మనకు తేలిగ్గా అర్థం కావాలంటే, పొడిపొడిగా రాలే అన్నం 5వ స్థాయికి పనికిరాదు. మెతుకు విడిపోకుండా చిక్కటి పప్పుతో మెత్తగా మెదిపితే దానికి దగ్గరగా వస్తుంది. మామూలు బ్రెడ్డు చూడ్డానికి మెత్తగా ఉన్నా గొంతులో ముద్దయి అంటుకుంటుంది, థెరపిస్టు ఒప్పుకుంటే తప్ప వీళ్ళకు పెట్టరు. ద్రాక్షపళ్ళు ఎవరికైనా నిలువుగా కోసి ఇవ్వండి.

ఇక కూర్చోబెట్టడం. నడుము కుర్చీ వెనక్కి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, తల వెనక్కి వాలకూడదు. తల ఎత్తి ఉన్నప్పుడు మింగడం ఎంత కష్టమో ఇప్పుడే చూడండి: గడ్డం పైకెత్తి ఉమ్ము మింగండి. తర్వాత నోరు తెరిచి మింగి చూడండి. ఈ రెండూ ఒంటికి తెలిస్తే మిగతా సూచనలన్నీ మీకే అర్థమవుతాయి.

ఎదురుగానో, కొంచెం పక్కగానో, ఆయన కళ్ళకు సమానమైన ఎత్తులో కూర్చోండి. నిలబడి పెడితే ఆయన తల ఎత్తక తప్పదు. స్పూనులో ఏముందో చెప్పండి. స్పూను నిండా తీసుకోకండి. కింది నుంచి, ఎదురుగా నోటి దగ్గరికి తెచ్చి ఆగండి. పెదవులు వచ్చి తీసుకోవాలి. పై పళ్ళకు గీరి దులపకండి. స్పూనును కొరికి పట్టేస్తే లాగకండి, దవడ దానంతటదే వదిలేదాకా ఉండండి. గొంతు ముందు భాగం పైకి లేచి దిగితే మింగినట్టు. నోరు ఖాళీ అయ్యిందని చూశాకే రెండో స్పూను. మొహం తిప్పుకున్నా, పెదవులు బిగించినా అక్కడితో ఆపండి. "ఇంకొక్కటి" ఇక్కడ పనికిరాదు. భోజనం అయ్యాక అరగంటైనా పడుకోబెట్టకండి. నోట్లో, బుగ్గల పక్కన మిగిలిన తిండి శుభ్రం చేసి పళ్ళు తోమించండి, రాత్రి పడుకున్నప్పుడు గొంతులోకి జారేది అదే.

మీరు తీసుకెళ్ళే ఆవకాయ గురించి ఒక మాట. తప్పకుండా తీసుకెళ్ళండి, అక్కడి కూరలు చప్పగానే ఉంటాయి. బల్ల మీద పెడితే అందరూ ఆసక్తిగా అడుగుతారు కూడా. మింగడం కష్టమైనవాళ్ళకు మాత్రం ఇంటి బాధ్యులను అడగకుండా కొసరైనా పెట్టకండి.

పొలమారితే

మన దగ్గర ఎవరికైనా పొలమారితే నడినెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం. వెంటనే గ్లాసుడు నీళ్ళు అందిస్తాం. ఆ రెండూ ఇక్కడ మర్చిపోవాలి. దగ్గగలిగితే దగ్గనివ్వండి, ముందుకు వంగమనండి. గట్టి దగ్గు కన్నా మంచి మందు లేదు. నీళ్ళు తాగిస్తే అవీ శ్వాసనాళంలోకే పోవచ్చు.

దగ్గలేక, మాట్లాడలేక, ఊపిరి అందక ఉంటే ఆగే సమయం కాదు. సాయానికి కేకేయండి. ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టండి. ఒక్కో దెబ్బకూ ముక్క బయటపడిందేమో చూడండి. పడకపోతే వెనక నిలబడి, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకొని లోపలికీ పైకీ 5 సార్లు గట్టిగా లాగండి. మళ్ళీ 5 దెబ్బలు, మళ్ళీ 5 లాగుళ్ళు. ఈలోగా ఇంకొకరు బ్రిటన్‌లో అయితే 999కి, మన దగ్గరైతే 108కి ఫోన్ చేయాలి. కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, లోపలికి దిగిపోతుంది. స్పృహ తప్పితే గుండె మీద నొక్కే సి.పి.ఆర్. మొదలుపెట్టాలి. దీన్ని చదివి నేర్చుకోవడం కుదరదు. బయల్దేరే లోపు రెడ్ క్రాస్ వాళ్ళదో, మీ ఊళ్ళో ఇంకెవరిదో ప్రథమ చికిత్స శిక్షణలో చేరి బొమ్మ మీద చేసి చూడండి.

దగ్గు లేకుండానే తిండి పక్కదారి పట్టడం కూడా ఉంది. తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం, కళ్ళలో నీళ్ళు, మొహం రంగు మారడం, మాటిమాటికీ ఛాతీ ఇన్ఫెక్షన్, బరువు తగ్గడం. మూడుపూటలా పక్కన కూర్చునేది మీరు కాబట్టి ముందుగా కనిపించేది మీకే. చిన్నదే కదా అనుకోకుండా ఆ రోజే ఇంటి బాధ్యులకు చెప్పండి.

గిన్నెలు

తిన్న తర్వాత పని కూడా భోజనంలో భాగమే. ఒకరు కడుగుతారు, ఒకరు తుడుస్తారు, ఒకరు స్పూన్లు సొరుగులో సర్దుతారు. మీరొక్కరే చేస్తే పావుగంటలో అయిపోతుంది. అందరూ కలిసి చేస్తే ముప్పావుగంట. ముప్పావుగంటే తీసుకోండి. స్పూన్లు సర్దే బాధ్యత ఇరవై ఏళ్ళుగా ఒకావిడదే అయి ఉండవచ్చు. కొత్తగా వచ్చిన మీరు సాయమనుకొని దాన్ని లాక్కుంటే, ఆ ఇంట్లో ఆవిడ చోటును లాక్కున్నట్టే.

అభ్యాసం

ఇంట్లో ఒకరిని బతిమాలి, పెరుగన్నం లాంటి మెత్తటి తిండి ఒక పూటంతా వాళ్ళ చేత తినిపించుకోండి. మీ చేతులు ఒళ్ళోనే ఉండాలి, మాట్లాడకూడదు. సగం పూట వాళ్ళను నిలబడి, ఫోన్ చూసుకుంటూ పెట్టమనండి. మిగతా సగం ఎదురుగా కూర్చొని, మీ మొహం చూస్తూ పెట్టమనండి. వెంటనే నోట్‌బుక్‌లో రాయండి: ఏ స్పూను దగ్గర తొందర అనిపించింది? చాలనిపించినప్పుడు ఎలా తెలియజేశారు, వాళ్ళకు అర్థమైందా? నీళ్ళు కావలసినప్పుడు ఏం చేశారు?

మరుసటి రోజు పాత్రలు మార్చుకోండి. మీరు తినిపించండి, ప్రతి స్పూనుకూ మధ్య గొంతు కదలికను చూడండి. చివర్లో వాళ్ళు చెప్పేది అడ్డు చెప్పకుండా విని, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. నాలుగో పాఠం స్నానం, దుస్తులు. ఈ నోట్‌బుక్ దగ్గర పెట్టుకొని రండి.